ఒకే పేరు, ఇద్దరు మనుషులు: జాజ్‌లో ఒకరు, డాన్స్ సంగీతంలో ఒకరు

సభకు నమస్కారం. ఒకే పేరు గల సంగీతకారులు ఏ సంగీతంలోనైనా ఉంటారు, అందులో వింతేమీ లేదు. మరి జాజ్‌ను, డాన్స్ సంగీతాన్ని మాత్రమే పక్కపక్కన పెట్టి మాట్లాడటం దేనికి? ఎందుకంటే ఈ రెండూ పేరును రెండు వేరు పద్ధతుల్లో వాడుకున్నాయి. జాజ్‌లో పేరంటే ఆ రోజు, ఆ స్టూడియోలో, ఆ వాయిద్యం పట్టుకుని కూర్చున్న మనిషి. హౌస్, టెక్నో, డిస్కో వంటి నృత్య సంగీతాల్లో పేరంటే చాలాసార్లు ఒక ముద్ర. ఒకే మనిషి నాలుగైదు పేర్లతో రికార్డులు వేస్తాడు, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పేరు పెట్టుకుంటారు. ఇలా రెండు రకాలుగా పుట్టిన పేర్లు ఒకే జాబితాలోకి వచ్చి పడితే ఏమవుతుంది? నేను చెప్పబోయేది అదే. ఆ గందరగోళంలో నష్టపోయేది ఎక్కువగా జాజ్ వాద్యకారులే, అందులోనూ పక్కవాయిద్యం వాయించినవారే అన్నది నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ముందుగా బారీ హారిస్. ఈ పేరు వినగానే మీలో కొందరికి పియానో గుర్తుకు వస్తుంది, కొందరికి డాన్స్ రీమిక్స్ గుర్తుకు వస్తుంది. రెండూ సరైనవే. మొదటి బారీ హారిస్ 1929లో డెట్రాయిట్‌లో పుట్టిన జాజ్ పియానిస్ట్. రెండవ బారీ హారిస్ కెనడాకు చెందిన నిర్మాత, రీమిక్సర్ (అంటే ఉన్న పాటను మార్చి కొత్త రూపంలో కట్టేవాడు), డీజే. ఇక్కడ ఒక తమాషా గమనించండి. డెట్రాయిట్ అనగానే ఈ తరం శ్రోతకు టెక్నో స్ఫురిస్తుంది, ఎందుకంటే 1980లలో టెక్నో పుట్టింది అక్కడే. కాబట్టి ‘డెట్రాయిట్ వాసి బారీ హారిస్’ అని ఎక్కడైనా కనబడితే, ఇంకేముంది, ఇతడే ఆ డాన్స్ నిర్మాత అని అనుకోవడం ఎంత తేలిక! కానీ డెట్రాయిట్ వాడు జాజ్ మనిషి. హౌస్ సంగీతం చేసినవాడు టొరంటో వాడు. ఊరు చూసి మనిషిని పోల్చుకోబోతే సరిగ్గా తలకిందులవుతుంది.

పియానిస్ట్ బారీ హారిస్ 1940లలో రూపుదిద్దుకున్న బీబాప్ అనే జాజ్ పద్ధతిని జీవితాంతం నమ్మిన మనిషి. ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గన్ ‘ద సైడ్‌వైండర్’ను 1963 డిసెంబరులో రికార్డు చేసినప్పుడు పియానో వాయించినది ఆయనే. న్యూజెర్సీలోని వీహాకెన్‌లో, జాజ్ కళాకారులను ఆదరించిన నికా డి కోనిగ్స్‌వార్టర్ ఇంట్లో ఆయన నివసించారు. ప్రసిద్ధ జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మంక్ చివరి సంవత్సరాలు గడిపినదీ ఆ ఇంట్లోనే. 1982లో న్యూయార్క్‌లో హారిస్ జాజ్ కల్చరల్ థియేటర్ అనే సంస్థను ప్రారంభించారు. అది ఐదేళ్లకే మూతపడినా ఆయన పాఠాలు మాత్రం దశాబ్దాల పాటు సాగాయి. 2021 డిసెంబరులో, 92వ పుట్టినరోజుకు సరిగ్గా వారం ముందు, కన్నుమూశారు.

ఆయన పాఠాల్లో ఒకటి మీకు కాస్త దగ్గరగా చూపించాలి, ఓపిక పట్టండి. మేజర్ స్కేల్‌లో ఏడు స్వరాలు ఉంటాయి కదా. ఆయన పంచమానికీ ధైవతానికీ మధ్య ఇంకొక స్వరం చేర్చి ఎనిమిది చేశారు. ఎందుకు? నాలుగు దెబ్బల లయలో ఒక్కొక్క దెబ్బకు రెండేసి స్వరాల చొప్పున ఎనిమిది స్వరాలు వేసి చూడండి. స, రి ఒక దెబ్బలో. గ, మ రెండవ దెబ్బలో. ప, దాని పక్కన మనం చేర్చిన కొత్త స్వరం మూడవ దెబ్బలో. ద, ని నాలుగవ దెబ్బలో పడతాయి. అప్పుడు సరిగ్గా దెబ్బ మీద పడిన స్వరాలు ఏవి? స, గ, ప, ద. అవి నాలుగూ కలిస్తే ఒక కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, అవుతుంది. సంగీతజ్ఞులు దాన్ని మేజర్ సిక్స్త్ అంటారు. మధ్యలో మిగిలిన నాలుగూ కలిస్తే డిమినిష్డ్ కార్డ్ అవుతుంది. ఏడు స్వరాలతోనే వెళితే రెండవ ఆవృత్తికి ఈ అమరిక చెదిరిపోతుంది. ఎనిమిది ఉంటే ఎన్ని ఆవృత్తులైనా చెదరదు. చూశారా, దెబ్బ మీద ఏ స్వరం పడాలన్నదే ఈ పాఠమంతా.

రెండవ బారీ హారిస్ కూడా నాలుగు దెబ్బల మనిషే, అయితే ఆయన దెబ్బలు వేరు. హౌస్ సంగీతంలో నాలుగు దెబ్బలకూ నాలుగుసార్లు బాస్ డ్రమ్ మోగుతుంది. నర్తకుడికి దారి చూపేది అదే. ఈయన కాన్ కాన్ అనే పేరుతో చేసిన ‘ఐ బెగ్ యువర్ పార్డన్’ 1989లో అమెరికా హిట్ పాటల జాబితాలో 15వ స్థానానికీ, బ్రిటన్‌లో 5వ స్థానానికీ చేరింది. లిన్ ఆండర్సన్ పాడిన పాత కంట్రీ పాట ‘రోజ్ గార్డెన్’ ముక్కను అందులో తెచ్చి అతికించారు. తరువాత క్రిస్ కాక్స్‌తో కలిసి థండర్‌పుస్ అనే జంటగా రీమిక్స్‌లు చేశారు. విట్నీ హ్యూస్టన్ పాడిన ‘ఇట్స్ నాట్ రైట్ బట్ ఇట్స్ ఓకే’కు 1999లో వీరు చేసిన రీమిక్స్ ఎంత ప్రసిద్ధమైనదంటే, ఆ పాట అసలు రూపం ఆర్ అండ్ బీ అనే అమెరికా నల్లజాతీయుల పాప్ శైలిలోదని తెలియనివారు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: ఈ ప్రసిద్ధ రికార్డుల మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది బారీ హారిస్ కాదు, ఒక చోట కాన్ కాన్, ఒక చోట థండర్‌పుస్.

ఇప్పుడు ఒక ప్రశ్న. జాజ్‌లోనే ఒకే పేరు గలవారు ఇద్దరుంటే ఏం చేసేవారు? ముందు డ్రమ్మర్ల సంగతి చెబుతాను. కౌంట్ బేసీ వాద్యబృందంలో జో జోన్స్ ఉండేవారు. ఆ తరువాతి తరంలో, ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో, ఇంకొక జో జోన్స్ వచ్చారు. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా, అది చెవికి వినబడదు. అందుకని రెండవ ఆయన ఊరు ఫిలడెల్ఫియా కాబట్టి ఫిలీ జో జోన్స్ అన్నారు. పెద్దాయనను పాపా జో అన్నారు. పేరు ముందు ఒక్క మాట చేర్చేసరికి చిక్కు తీరిపోయింది. విధి చూడండి, ఫిలీ జో 1985 ఆగస్టు 30న పోయారు, పాపా జో సెప్టెంబరు 3న పోయారు. నాలుగు రోజుల తేడాతో జో జోన్స్ మరణవార్త రెండుసార్లు అచ్చులో చూసిన పాఠకుడి అయోమయాన్ని ఊహించుకోవచ్చు.

బిల్ ఎవాన్స్ విషయంలో అటువంటి ముందుమాట కూడా లేదు. పియానిస్ట్ బిల్ ఎవాన్స్ 1959లో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో వాయించారు, 1980 సెప్టెంబరులో మరణించారు. దాదాపు ఆ రోజుల్లోనే మైల్స్ డేవిస్ బృందంలోకి ఇంకొక బిల్ ఎవాన్స్ చేరారు. ఆయన 1958లో పుట్టిన సాక్సఫోన్ వాద్యకారుడు. నాయకుడూ ఒకరే, పేరూ ఒకటే! వాయిద్యం చూడకపోతే ఎవరు ఎవరో చెప్పగలమా? అంతేకాదు, యూసఫ్ లతీఫ్‌గా మనకు తెలిసిన సాక్సఫోన్ విద్వాంసుడు కూడా ఇస్లాం స్వీకరించక ముందు బిల్ ఎవాన్స్ పేరుతోనే వాయించేవారు. ముగ్గురు బిల్ ఎవాన్స్‌లలో ఒకరు మాత్రమే పేరు మార్చుకున్నారు, అదీ వేరే కారణంతో.

నటుల లోకంలో ఇలా కుదరదు. బ్రిటన్ నటుల సంఘం ఈక్విటీ చాలాకాలం ఒకే పేరుతో ఇద్దరు సభ్యులను ఒప్పుకోలేదు. అమెరికా నటుడు మైకేల్ కీటన్ అసలు పేరు మైకేల్ డగ్లస్ అని, ఆ పేరుతో ఇంకొక నటుడు ముందే ఉన్నందున మార్చుకున్నారని మీలో సినిమా చూసేవారికి తెలిసే ఉంటుంది. సంగీతకారులకు అటువంటి కట్టడి లేదు. లేకపోవడమే మంచిదని నేను అనుకుంటాను, ఎందుకంటే తల్లిదండ్రులు పెట్టిన పేరును ముందు పుట్టినవాడి కోసం వదులుకోమనడం న్యాయం కాదు. కానీ కట్టడి లేనప్పుడు గుర్తు పట్టే పూచీ మరొకరి మీద పడుతుంది. ఎవరి మీద? అక్కడికి వస్తాను.

ఈలోగా టోనీ స్కాట్ గురించి చెప్పాలి. దర్శకుడు టోనీ స్కాట్ కాదు, ఆయనను ఇవాళ్టికి వదిలేద్దాం. ఒక టోనీ స్కాట్ క్లారినెట్ వాద్యకారుడు, 1921లో న్యూజెర్సీలో ఇటలీ మూలాలున్న కుటుంబంలో పుట్టారు. అసలు పేరు ఆంథొనీ షాకా. ఇంకొక టోనీ స్కాట్ సురినామ్ మూలాలున్న డచ్ రాపర్. 1989లో ‘దట్స్ హౌ ఐయామ్ లివింగ్’ అనే పాటతో నెదర్లాండ్స్‌లో పేరు తెచ్చుకున్నారు. హౌస్ లయ మీద రాప్ చెప్పే హిప్-హౌస్ అనే పద్ధతి అప్పుడు యూరప్ క్లబ్బుల్లో కొత్తగా ఊపందుకుంటోంది. ఇప్పుడు మీరు గమనించవలసిన సంగతి ఒకటుంది. వీరిద్దరిలో ఎవరూ టోనీ స్కాట్‌గా పుట్టలేదు. ఇద్దరికీ అది పెట్టుకున్న పేరే.

ఇది యాదృచ్ఛికమా? పూర్తిగా కాదని నా అభిప్రాయం. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో వలస కుటుంబాల నుంచి వచ్చిన కళాకారులు పలకడానికి తేలికైన, పొట్టి ఇంగ్లీషు పేర్లు పెట్టుకోవడం పరిపాటి. షాకా స్కాట్ అయ్యారు. సొప్రానో సాక్సఫోన్ విద్వాంసుడు స్టీవెన్ లాక్రిట్జ్ స్టీవ్ లేసీ అయ్యారు. పొట్టి ఇంగ్లీషు పేర్లు ఎన్ని ఉంటాయి చెప్పండి? ఆ కొద్ది పేర్ల మీదికే అందరూ వచ్చి చేరారు. అరవై డెబ్బై ఏళ్ల తరువాత అదే స్టీవ్ లేసీ పేరుతో, 1998లో పుట్టిన ఒక యువకుడు ‘బ్యాడ్ హ్యాబిట్’ పాటతో 2022లో అమెరికా జాబితాలో మొదటి స్థానానికి వెళ్లాడు. అతనిది ఆర్ అండ్ బీ, మన విషయానికి కాస్త పక్కది, అయినా చిక్కు మాత్రం అదే చిక్కు. స్టీవ్ లేసీ అని వెతికితే ముందు ఎవరు కనబడతారో మీరే ఊహించుకోండి.

మళ్లీ క్లారినెట్ టోనీ స్కాట్ దగ్గరికి వద్దాం, ఆయన కథలో ఒక మలుపు ఉంది. 1950లలో ఆయన బృందంలో పియానో వాయించిన యువకుడు ఎవరనుకుంటున్నారు? బిల్ ఎవాన్స్, పియానిస్ట్ బిల్ ఎవాన్స్. ఆ దశాబ్దం చివర స్కాట్ అమెరికా విడిచి ఆసియాకు వెళ్లారు. జపాన్‌లో షాకుహాచి వేణువు, కోటో తంత్రీవాద్యం వాయించే విద్వాంసులతో కలిసి చేసిన ‘మ్యూజిక్ ఫర్ జెన్ మెడిటేషన్’ 1964లో వచ్చింది. తరువాత 1968లో సితార్ వాద్యకారుడు కాలిన్ వాల్కాట్‌తో యోగధ్యానం కోసమంటూ ఇంకొక రికార్డు చేశారు. అందులో ‘హరే కృష్ణ’ అనే రచన ఒకటి ఉంది. వర్వ్ అనే రికార్డు సంస్థ 2002లో తన పాత జాజ్ రికార్డులను డాన్స్ నిర్మాతల చేతికిచ్చి ‘వర్వ్ రీమిక్స్‌డ్’ అనే సంకలనం తెచ్చినప్పుడు, ఈ ‘హరే కృష్ణ’ను కింగ్ బ్రిట్ అనే డీజే రీమిక్స్ చేశారు. అంటే ఇప్పుడు ఏమైంది? టోనీ స్కాట్ పేరుతో ఒక డాన్స్ రికార్డు ఉంది, అది జాజ్ టోనీ స్కాట్‌ది. ‘డాన్స్ లయ ఉంది కాబట్టి ఇది డచ్ రాపర్‌ది’ అని యంత్రం గాని, తొందరపాటు శ్రోత గాని నిర్ణయిస్తే తప్పు పట్టగలమా? సంగీతరీతిని బట్టి మనిషిని విడదీయవచ్చన్న ధీమా ఇక్కడ కూలిపోతుంది.

పెట్టుకున్న పేర్ల విషయంలో చట్టం కొంత కలగజేసుకుంటుంది. ఇంగ్లండ్‌లో ఇద్దరు యువకులు అమెరికాలోని డస్ట్ బ్రదర్స్ అనే నిర్మాతల మీద అభిమానంతో తామూ అదే పేరు పెట్టుకున్నారు. పేరు పెరిగాక అభ్యంతరం వచ్చింది. 1995లో కెమికల్ బ్రదర్స్ అయ్యారు. కెనడా ఎలక్ట్రానిక్ సంగీతకారుడు డాన్ స్నెయిత్ మానిటోబా అనే పేరుతో ఉండగా, అదే మాట తన పేరులో గల ఒక పాత పంక్ గాయకుడు దావా వేస్తానన్నాడు. 2004లో కారిబూ అయ్యారు. ముద్ర కాబట్టి మార్చుకోగలిగారు. కానీ మీ అసలు పేరే డేవ్ లీ అయితే? బ్రిటిష్ హౌస్ నిర్మాత డేవ్ లీ చాలా ఏళ్లు రకరకాల మారుపేర్లతో, జకాటా వంటి పేర్లతో, రికార్డులు వేసి, 2020లో తన ప్రధానమైన మారుపేరు జాతిపరంగా అనుచితమని ఒప్పుకుని దాన్ని వదిలి సొంత పేరుకు వచ్చారు. మంచి పనే చేశారు. అయితే ఆ సొంత పేరుతో అంతకు ముందే ఒక బ్రిటిష్ జాజ్ పియానిస్ట్ ఉన్నారు. ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ పాటకు 1960లో బాణీ కట్టిన డేవ్ లీ ఆయనే. 1990లో లండన్‌లో మొదలైన జాజ్ ఎఫ్.ఎం. రేడియోకు బీజం వేసినదీ ఆయనే. ముసుగు తీస్తే కనబడిన ముఖం ఇంకొకరి పేరుతో ఉంది!

సరే, గుర్తు పట్టే పూచీ ఎవరిదన్నాను కదా. నా ముందున్న ఈ రెండు రికార్డులూ చూడండి. వెనుక కూర్చున్నవారు తరువాత దగ్గరికి వచ్చి చూడవచ్చు. ఇది జాజ్ ఎల్పీ. అట్ట వెనుక ఏముంది? లీ మోర్గన్, ట్రంపెట్. జో హెండర్సన్, టెనర్ సాక్సఫోన్. బారీ హారిస్, పియానో. బాబ్ క్రాన్‌షా, బాస్. బిల్లీ హిగ్గిన్స్, డ్రమ్స్. రికార్డింగ్ రూడీ వాన్ గెల్డర్. పేరు పక్కన వాయిద్యం, చుట్టూ నలుగురు తోడు. ఇందులో బారీ హారిస్ ఎవరన్న సందేహం ఎవరికీ రాదు. ఇప్పుడు ఈ పన్నెండు అంగుళాల డాన్స్ సింగిల్ చూడండి. సాదా అట్ట, మధ్యలో గుండ్రని రంధ్రం, ఆ రంధ్రంలోంచి లేబుల్ కనబడుతుంది. లేబుల్ మీద పాట పేరు, మిక్స్ పేరు, నిడివి, రీమిక్స్ చేసినవారి పేరు. అంతే. దీన్ని తప్పుపట్టడం లేదు. చీకట్లో రికార్డు మార్చే డీజేకు కావలసింది ఏ వైపు ఏ మిక్స్ ఉందన్నదే. ఎవరి అవసరాన్ని బట్టి వారి లేబుల్.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, ఈ రెండూ అట్టలు వదిలేసి ఒకే తెర మీదికి వచ్చినప్పుడు. ఆన్‌లైన్‌లో పాటలు వినిపించే సంస్థలకు ఆల్బం అందేటప్పుడు, పంపినవారు కళాకారుడి గుర్తింపు సంఖ్యను జతచేయకపోతే, అది పేరును బట్టి ఏదో ఒక పుటకు అతుక్కుంటుంది. అప్పుడు పియానిస్ట్ పుటలో క్లబ్ మిక్స్ తేలుతుంది. నాయకుడి పేరు అట్ట మీద ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు చూసి దిద్దుతారు. పక్కవాయిద్యకారుడి సంగతి? లీ మోర్గన్ రికార్డులో బారీ హారిస్ ఉన్నారన్న సమాచారం అసలు తెర మీదికే రాకపోవచ్చు. తప్పు పడితే దిద్దవచ్చు. రాయనిదాన్ని ఏం దిద్దుతాం? జాజ్‌కు ఎక్కువ నష్టమని మొదట్లో అన్నది ఇందుకే. డాన్స్ నిర్మాతకు పాట పేరు పక్కనే రీమిక్స్ పేరు ఉంటుంది, అది తెర మీద కూడా మిగులుతుంది. జాజ్ వాద్యకారుడి పేరు అట్ట వెనుక ఉండేది. అట్ట పోయింది, పేరూ పోయింది.

గ్రంథాలయాల వాళ్లు ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించుకున్నారు. పేరు పక్కన పుట్టిన సంవత్సరం, పోయాక మరణ సంవత్సరం రాస్తారు. ‘ఎవాన్స్, బిల్, 1929–1980’ అంటే ఇక సాక్సఫోన్ మనిషితో పేచీ లేదు. డిస్కాగ్స్ అనే రికార్డుల జాబితా పద్ధతి వేరు. అక్కడ ఒకే పేరు గలవారికి పేరు పక్కన బ్రాకెట్లో అంకె వేస్తారు, మొదట నమోదైనవారికి అంకె ఉండదు. కీర్తిని బట్టీ కాదు, వయసును బట్టీ కాదు, ఎవరు ముందు చేరారన్నదే లెక్క. పైగా అది 2000లో ఎలక్ట్రానిక్ సంగీతం జాబితాగా మొదలై, జాజ్‌కు తరువాత తలుపు తెరిచింది. కాబట్టి అక్కడ అంకె లేని పేరు చూసి ఆయనే పెద్దవాడనుకుంటే పొరపాటు. వీటన్నిటికన్నా నిక్కచ్చిగా ఉండేది ఐ.ఎస్.ఎన్.ఐ. అనే 16 అంకెల అంతర్జాతీయ సంఖ్య. ఒక్కొక్క గుర్తింపుకు ఒక్కొక్క సంఖ్య, పేరు ఎలా రాసినా సంఖ్య అదే. ఒకరికి మారుపేరుతో వేరే సంఖ్య కూడా ఉండవచ్చు, రెంటినీ ముడివేస్తారు. డాన్స్ నిర్మాతల స్వభావానికి ఇది బాగా సరిపోతుంది. జాజ్ పక్కవాయిద్యకారుల విషయంలో మాత్రం సంఖ్య ఉంటే చాలదు, ఎవరో కూర్చుని పాత అట్టలు చదివి ప్రతి రికార్డుకూ ఆ సంఖ్య జతచేయాలి. ఆ పని యంత్రం చేయదు, అట్ట దగ్గరున్నవారే చేయాలి.

మీ దగ్గర పాత రికార్డులుంటే మీరు చేయగలిగిన పని చెబుతాను. ‘మైక్ క్లార్క్’ అన్న పేరుతో సాధన చేయండి. హెర్బీ హాన్‌కాక్ 1974 రికార్డు ‘థ్రస్ట్’లో డ్రమ్స్ వాయించిన మైక్ క్లార్క్ ఒకరు, ఏజెంట్ ఎక్స్ అని నడుమ చేర్చుకున్న డెట్రాయిట్ హౌస్ డీజే మైక్ క్లార్క్ ఒకరు. అది కుదిరితే ‘జాన్ టేలర్’ దగ్గరికి వెళ్లండి, అది మరీ కష్టం. ఒకరు మాంచెస్టర్‌లో పుట్టిన జాజ్ పియానిస్ట్, 1942–2015. ఇంకొకరు డ్యూరన్ డ్యూరన్ బృందం బాస్ గిటారిస్ట్, డిస్కో బాస్ విని పెరిగిన మనిషి. ఆ బృందంలో ఒకప్పుడు ముగ్గురు టేలర్లు ఉండేవారు, ముగ్గురికీ చుట్టరికం లేదు! పియానిస్ట్ జాన్ టేలర్ నార్మా విన్‌స్టన్, కెన్నీ వీలర్‌లతో కలిసి 1977లో మొదలుపెట్టిన త్రయం పేరు అజిమత్. అదే ఉచ్చారణకు దగ్గరగా, ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడాతో బ్రెజిల్‌లో జాజ్-ఫంక్ బృందం ఉంది, వారి ‘జాజ్ కార్నివాల్’ బ్రిటన్ క్లబ్బుల్లో మోగిపోయింది. వాయిద్యం, తోడున్నవారు, సంవత్సరం: ఈ మూడూ అట్ట నుంచి ఒక కాగితం మీదికి ఎక్కించండి, మీకు అందుబాటులో ఉన్న జాబితాలో లేకపోతే చేర్చండి.

రికార్డులు ఈ బల్ల మీదే ఉంటాయి. అంచులు పట్టుకుని తీయండి, గాళ్ల మీద వేళ్లు పెట్టకండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.